అంతరిక్ష వేషాల మెటల్ బ్యాండ్లు: ఏది మేలు?

గిటార్లు, డ్రమ్స్ హోరెత్తించే మెటల్ సంగీతానికీ సైన్స్ ఫిక్షన్ పిచ్చికీ పాత చుట్టరికమే. అయితే గ్రహాల గురించి పాడటం వేరు, గ్రహాంతరవాసిలా తయారై స్టేజీ ఎక్కడం వేరు. ఈ రెండో రకంలో గట్టిగా నిలబడ్డ మూడు బ్యాండ్లను ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను: గెలాక్టిక్ ఎంపైర్, గ్లోరీహామర్, గ్వార్.

మీకు స్టార్ వార్స్ ప్రాణమా? మెటల్ అంటే మాత్రం చెవులకు చిల్లులు పడతాయని భయమా? అయితే ముందు గెలాక్టిక్ ఎంపైర్ వినండి. అమెరికాలోని పెన్సిల్వేనియా కుర్రాళ్లు. గిటార్ పట్టుకున్నది సాక్షాత్తు నల్ల హెల్మెట్ విలనే. కొందరు పేర్లు కూడా ఒక్కో అక్షరం మార్చి పెట్టుకున్నారు: సినిమాలోని డార్త్ వేడర్ కాస్తా డార్క్ వేడర్, బోబా ఫెట్ కాస్తా బోబా సెట్. 2017లో వచ్చిన మొదటి ఆల్బమ్ నిండా జాన్ విలియమ్స్ ఆ సినిమాలకు కట్టిన బాణీలే. గాయకుడు లేడు, మాటలు లేవు.

ఆ నల్ల హెల్మెట్ విలన్ బాణీ ఇంపీరియల్ మార్చ్ ఒక్కటి వింటే వీళ్ల పనితనం తెలిసిపోతుంది. ఆర్కెస్ట్రాలో బూరలు మోసే బాణీని ఇక్కడ లీడ్ గిటార్ మోస్తుంది. కింద ఆ కవాతు అడుగుల్ని మిగతా గిటార్లు తీగల మీద అరచెయ్యి ఆనించి ముక్కలు ముక్కలుగా కొడతాయి. అసలు ఆ బాణీయే సగం మెటల్ కాబట్టి అతుకు కనిపించదు. నెమ్మదిగా సాగే బాణీల దగ్గరే నాకు పేచీ. డ్రమ్స్ తొందరలో వాటి ఊపిరి కాస్త ఆగినట్టుంటుంది. ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు గానీ, వీళ్లకు ఆ ఎరువే జనాన్ని తెచ్చిపెట్టింది. వేషం చూడగానే నవ్వు వస్తుంది, బాణీ ముందే తెలుసు కాబట్టి చెవి పారిపోదు. కాకపోతే నాలుగైదు పాటలయ్యాక ఆ నవ్వు అయిపోతుంది. ఆ తర్వాత మిగిలేది వాయిద్యం మాత్రమే. అది గట్టిదే, కానీ వీళ్లు కొత్తగా చెప్పే కథంటూ లేదు.

కథ కావాలంటే గ్లోరీహామర్ దగ్గరికి వెళ్లాలి. స్కాట్లండ్‌లో పుట్టిన బ్యాండ్. ఏలెస్టార్మ్ పేరుతో సముద్రపు దొంగల మెటల్ వాయించే క్రిస్టఫర్ బోవ్స్ దీని సృష్టికర్త. మన పాత జానపద సినిమాని రాకెట్ ఎక్కిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆంగస్ మెక్‌ఫైఫ్ అనే రాజకుమారుడు, జార్గోథ్రాక్స్ అనే మాంత్రికుడు. 2013 నాటి మొదటి ఆల్బమ్‌లో మాంత్రికుడు చచ్చిన యూనికార్న్‌లను (ఒంటికొమ్ము గుర్రాలను) లేపి డండీ నగరం మీదికి తోలుతాడు. 2015 ఆల్బమ్‌లో వెయ్యేళ్లు గడిచి, అదే తగువు అంతరిక్షంలోకి ఎక్కుతుంది. డండీ, ఫైఫ్ నిజంగా ఉన్న ఊరూ ప్రాంతమూ కావడంలోనే ఉంది తమాషా అంతా. ఇంత అర్థంపర్థం లేని కథని ఒక్కరు కూడా నవ్వకుండా, ఆకుపచ్చ కవచం తొడుక్కుని, చేతిలో సుత్తి ఎత్తి పాడతారు. పల్లవులు తేలిగ్గా నోటికొస్తాయి, బూతు ఉండదు. పిల్లలున్న ఇంట్లోనూ పెట్టుకోవచ్చు. వేషాలు మాత్రం స్కూల్ వార్షికోత్సవానికి అద్దెకు తెచ్చినట్టే ఉంటాయి. అది లోపమని నేననను.

ఇక గ్వార్. ఇంట్లో పెట్టుకోవచ్చా అని అడగనే అడక్కండి.

1984లో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో పుట్టింది. మూతపడ్డ ఒక పాల డెయిరీ భవనంలో హంటర్ జాక్సన్ అనే కళాకారుడు తన సినిమా కోసం గ్రహాంతర రాక్షసుల దుస్తులు తయారుచేసుకుంటుంటే, అదే భవనంలో పంక్ రాక్ వాయించే డేవ్ బ్రాకీ వాటిని స్టేజీ కోసం అడిగి తీసుకున్నాడు. సరదాకి వేసిన ఆ వేషమే అసలు బ్యాండ్‌ని మింగేసింది. కథ ఏమిటంటే, విశ్వం నుంచి వెలివేయబడ్డ రాక్షసులు అంటార్కిటికా మంచులో గడ్డకట్టి ఉండి, లేచి వచ్చి మనుషుల మీద పడ్డారు. ఫోమ్, లేటెక్స్‌తో కవచాలన్నీ సొంత కార్ఖానాలోనే చేసుకుంటారు. షోలో రాజకీయ నాయకుల బొమ్మల తలలు నరికితే, మెడలోంచి రంగు నీళ్లు పంపు వేసినట్టు జనం మీదికి చిమ్ముతాయి. అభిమానులు కావాలనే తెల్ల టీషర్టు వేసుకుని ముందు వరసకి పోతారు, ఎర్రగా తడిసిన చొక్కాని దాచుకుంటారు. 1990లో నార్త్ కరొలైనాలో ఆ వేషం అసభ్యంగా ఉందని పోలీసులు బ్రాకీని అరెస్టు కూడా చేశారు. నిజం చెప్పాలంటే అసభ్యమే.

అయినా నా ఓటు గ్వార్‌కే. 2011లో గిటారిస్టు కోరీ స్మూట్ పోయాడు. ఆయన వేసిన పాత్రని ఆయనతోనే విరమింపజేశారు. 2014లో గాయకుడు బ్రాకీ కూడా పోయాడు. ఆయన వేసే ఓడెరస్ అనే పాత్ర దుస్తుల్ని ఇంకొకరికి తొడిగి టికెట్లు అమ్ముకోవచ్చు, ముసుగులో ఎవరున్నారో ఎవడు చూడొచ్చాడు? వాళ్లు అలా చేయలేదు. అభిమానుల ముందు ఆ దుస్తుల్ని పడవలో పెట్టి, పాతకాలపు వైకింగ్ సముద్ర యోధుల పద్ధతిలో నిప్పంటించారు. గతంలో అదే బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించి, తర్వాత సంగీతంలో పీహెచ్‌డీ చేసిన మైకేల్ బిషప్‌ని తిరిగి పిలిచి, బ్లోథర్ అనే కొత్త పాత్రని పుట్టించారు. గెలాక్టిక్ ఎంపైర్‌లో రేపు హెల్మెట్ లోపలి మనిషి మారినా మనకు తెలియదు. గ్లోరీహామర్‌లో 2021లో గాయకుడు వెళ్లిపోయాడు, తర్వాత కొత్తాయన వచ్చి సుత్తి అందుకున్నాడు, రాజకుమారుడు రాజకుమారుడిగానే ఉన్నాడు. గ్వార్ ఒక్కటే వేషానికీ మనిషికీ కలిపి అంత్యక్రియలు చేసింది.

చెవులకు మాత్రమే కావాలంటే ఈ లెక్క తిరగబడుతుంది. స్పీకర్లో గ్వార్ సగం గ్వారే, ఆ రంగు నీళ్లు లేకపోతే పాటలు మోటుగా తోస్తాయి. 1990 నాటి ఆల్బమ్ ఒకటి వింటే ప్రస్తుతానికి చాలు. కారులో, జిమ్ములో గ్లోరీహామర్‌దే పైచేయి. స్టార్ వార్స్ చూడనివాళ్లకి గెలాక్టిక్ ఎంపైర్ జోలికి పోవాల్సిన అవసరమే కనబడదు నాకు. చూసినవాళ్లయితే ఇంపీరియల్ మార్చ్‌తో మొదలుపెట్టండి, వీడియోతో సహా.