పదకొండేళ్లుగా వాడుతున్నా: మా మున్సిపాలిటీలో అన్నీ ఒక ఎత్తు, ఆ వాల్వు ఒక ఎత్తు

2014లో ఇల్లు కట్టుకుని ఈ ఊళ్లో దిగాం. గోదావరి డెల్టాలో కాలువల చివరన ఉన్న ఊరు, పేరు మాత్రం రాయను, రాస్తే రేపు పొద్దున్నే మా కౌన్సిలర్ టీకి వచ్చి కూర్చుంటాడు. మిక్సీ కొని వారం తిరక్కుండా రివ్యూ రాసేవాళ్లు ఉన్నారు, ఏటా రెండు విడతలు ఇంటిపన్ను కట్టి పదకొండేళ్లుగా వాడుతున్న మున్సిపాలిటీకి నేనెందుకు రాయకూడదనిపించింది. చెత్తబండి, దోమల మందు, కుక్కలు, పందులు మీ ఊళ్లో ఎలా ఉన్నాయో మా ఊళ్లోనూ అలాగే ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోవట్లేదు. నా గొడవంతా ఒక్క వాల్వు గురించి.

ముందు మంచి చెప్పుకోవాలి. వీధి దీపం పోతే స్తంభం మీద ఉన్న నంబరు చెప్పి ఫిర్యాదు చేస్తే రెండో రోజుకల్లా వెలిగింది, ఒకసారి కాదు మూడుసార్లు. మా చిన్నదాని పుట్టిన సర్టిఫికెట్‌లో పేరు తప్పు పడితే 2019 అక్టోబరులో వార్డు సచివాలయాలు మొదలయ్యాక అక్కడే సరిచేయించుకున్నా, అంతకుముందైతే ఆఫీసు మెట్లెక్కి సంబంధిత సీటు ఖాళీగా ఉండటం చూసి దిగిరావడమే పని. పన్ను ఏప్రిల్లో కట్టేస్తే 5 శాతం తగ్గుతుంది, ఫోన్‌లోనే కట్టేస్తున్నా, రసీదు కూడా వెంటనే వస్తుంది. ఇక రోడ్డు. 2019 ఫిబ్రవరిలో, ఎన్నికల కోడ్ రాకముందే అయిపోవాలని రాత్రీ పగలూ లేకుండా పోసి మా వీధికి సిమెంటు రోడ్డు వేశారు. అప్పటిదాకా వానాకాలం వస్తే బండి మెయిన్ రోడ్డు మీద పెట్టి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చేవాళ్లం, అందుకని ఆ రోడ్డు ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుని మరీ మురిసిపోయాను. ఆ స్టేటస్‌కి మా తోడల్లుడు పెట్టిన నవ్వు బొమ్మ అర్థం నాకు నాలుగేళ్ల తర్వాత తెలిసింది.

2023, కార్తీకమాసం. మా అమ్మ తెల్లవారుజామున స్నానానికి కుళాయి నీళ్లు బిందెలో పట్టుకుని, మూత పెట్టబోయి, 'ఒరే, ఇవి కాలువ నీళ్ల వాసన కాదురా, మురుగు వాసన' అంది. నేను నమ్మలేదు. మా దగ్గర కాలువలు కట్టేసే ముందు చెరువు నింపుకుని వేసవంతా ఆ నీళ్లే తాగుతాం కదా, కాస్త నాచు వాసన మాకు అలవాటే. కానీ అప్పుడు ఎండాకాలం కాదు. గ్లాసులో పట్టి వెలుతురులో చూస్తే అడుగున నల్లటి పీచులాంటిది తిరుగుతోంది. ఎదురింటి పిన్నిగారు, పక్కింటి అద్దె వాళ్లు, అందరికీ అదే.

మా వార్డు సచివాలయం కుర్రాడు ఒకడున్నాడు, డిప్లొమా చదివాడు, మంచివాడు. ఫోన్ చేసిన గంటలో వచ్చి చిన్న సీసాలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేశాడు. క్లోరిన్ ఉంటే పసుపు రంగు రావాలి, రాలేదు. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలట. 'లైను ఎక్కడో మురుక్కాలువలో పగిలిందండి' అన్నాడు. రోజుకి ముప్పావుగంటే నీళ్లొచ్చే ఊళ్లో సంగతి ఇదే, నీళ్లు ఆపేయగానే పైపు ఖాళీ అయిపోయి పగులులోంచి బయటి మురుగు లోపలికి లాగేస్తుంది, మర్నాడు నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందెలో మనకి ఇస్తుంది. దానికి తోడు మా వీధిలో సగం మంది కుళాయికి మోటార్లు బిగించి లాగుతారు (మా ఇంట్లోనూ 2017 దాకా ఉండేది, దాచుకోవడం దేనికి), ఆ లాగుడికి మురుగు ఇంకా తేలిగ్గా వస్తుంది.

పగులు దొరికింది, రెండో రోజే. మా ఇంటికి ఆరిళ్ల అవతల, మురుక్కాలువ గోడ కిందుగా. బాగుచేయాలంటే ముందు మా వీధికి నీళ్లు ఆపాలి, ఆపాలంటే వీధి మొదట్లో ఉన్న వాల్వు కట్టాలి. ఆ వాల్వు ఎక్కడుంది? రోడ్డు కింద ఉంది. రోడ్డు కింద ఎక్కడ?

ఎవరికీ తెలియదు.

నేను అతిశయోక్తిగా రాయట్లేదు. ఆఫీసులో మా వీధి రోడ్డు ఫైలు ఉంది, దాన్లో పొడవూ వెడల్పూ మందమూ అంచనాలూ కొలతల పుస్తకమూ బిల్లూ అన్నీ ఉన్నాయి, కింద ఉన్న పైపు గురించి ఒక్క గీత లేదు. పాత మట్టిరోడ్డు తవ్వకుండా దాని మీదే పోసేశారు, వాల్వు చాంబరు (వాల్వు చుట్టూ కట్టే గుంత) మీది ఇనప మూత అలాగే కప్పబడిపోయింది. చాంబరు ఎత్తు పెంచాలని అంచనాలో ఎవరూ రాయలేదు, రాయని పనికి బిల్లు రాదు, బిల్లు రాని పని ఏ కాంట్రాక్టరు చేస్తాడు. నీళ్లు వదిలే కుర్రాడిని అడిగితే 'నేను చేరేటప్పటికే రోడ్డు ఉందండి, నాకు మెయిన్ వాల్వు ఒక్కటే చూపించారు' అన్నాడు. అతను ఔట్‌సోర్సింగ్ మీద 2021లో చేరాడు, అతన్ని అని లాభం లేదు.

మెయిన్ వాల్వు కట్టేస్తే మా ఒక్క వీధికి కాదు, తొమ్మిది వీధులకి నీళ్లు ఆగిపోతాయి. కార్తీకమాసంలో ఆ పని ఏ కౌన్సిలరూ ఒప్పుకోడు. అందుకని వెతకడం మొదలుపెట్టారు. కాంక్రీటు పగలగొట్టే మిషను తెచ్చి ఇంజినీరు అందాజుగా చూపించిన చోట కొట్టారు, లేదు. నాలుగడుగులు ఇవతల కొట్టారు, లేదు. మూడోసారి కొట్టినచోట టెలిఫోన్ కేబులు తగిలింది. ఈలోగా మిగ్‌జాం తుపాను వచ్చింది, డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ వాన మాకూ గట్టిగానే కొట్టింది, మూడు గోతులూ నిండిపోయాయి, పని ఆగిపోయింది. పాత రోడ్డు మీదే పోశారని చెప్పాను కదా, దాంతో రోడ్డు ఎత్తు పెరిగింది, మా గేటుకి ఇదివరకు మూడు మెట్లుండేవి, ఇప్పుడొకటే, ఆ వానకి ఆ ఒక్క మెట్టూ మునిగింది. స్టేటస్ పెట్టుకున్న రోడ్డే.

మధ్యలో ఒక వినోదం. నేను యాప్‌లో పెట్టిన ఫిర్యాదుకి 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది, ఫోటోతో సహా. ఏమిటా అని చూస్తే మా వీధిలో నిలబడిన నీళ్ల ట్యాంకరు ఫోటో. ట్యాంకరు వచ్చిన మాట నిజమే, రోజు విడిచి రోజు వచ్చింది, కాదనను.

పద్దెనిమిదో రోజున పిన్నిగారికి గుర్తొచ్చింది, 'పంపుల బాబాయ్‌ని అడగలేదేరా మీరెవరూ?' అని. ఆయన 2020లో రిటైరయ్యాడు, ముప్పై ఏళ్లకి పైగా ఊరికి నీళ్లు వదిలిన మనిషి, పక్క పేటలోనే ఉంటాడు. నేనే వెళ్లి పిలిచాను. 'రేపు నీళ్లు వదిలే టైముకి వస్తాను మాస్టారూ, ఇప్పుడొస్తే దానికి గొంతుండదు' అన్నాడు. నాకు అర్థం కాలేదు.

తెల్లవారి నాలుగున్నరకి టీవీఎస్ మోపెడ్ మీద వచ్చాడు, తలకి మఫ్లరు, బండికి అడ్డంగా కట్టిన ఇనప రాడ్డు. గోతుల వైపు చూడను కూడా చూడలేదు. 'ఇక్కడ బోరింగ్ ఉండేది కదండీ?' అన్నాడు. బోరింగ్ తీసేసి పదేళ్లయింది, దాని సిమెంటు దిమ్మ ముక్క కొంత మూలింటి వాళ్ల ప్రహరీలో కలిసిపోయి ఉంది. దాని మీద చెయ్యేసి, అక్కడి నుంచి పాదం ముందు పాదం పెట్టుకుంటూ రోడ్డు మీదికి వచ్చి ఆగాడు. ఈలోపు పైన నీళ్లు వదిలారు. ఆయన రాడ్డు ఒక కొస రోడ్డు మీద ఆనించి, మఫ్లరు పక్కకి లాగి, రెండో కొసకి చెవి పెట్టాడు. రెండంగుళాలు జరిపాడు. మళ్లీ విన్నాడు. ఒకసారి చెయ్యెత్తి మమ్మల్ని ఊరుకోమన్నాడు, మేమెవరం మాట్లాడటం లేదు, పక్క సందులో గుడి మైకు మోగుతోంది అంతే. వాల్వు దగ్గర దారి ఇరుకు కాబట్టి నీళ్లు అక్కడ బుసకొడతాయట. నన్నూ వినమన్నాడు. మొదట నా చెవిలో నా గుండె చప్పుడే వినిపించింది, తర్వాత దూరంగా కుక్కర్ విజిల్‌కి ముందు వచ్చే చప్పుడులాంటిది. సుద్దముక్కతో గుండ్రం గీసి 'ఇక్కడ కొట్టించండి' అని టీ తాగి వెళ్లిపోయాడు. అందరం కలిసి అయిదొందలు ఇవ్వబోతే తీసుకోలేదు.

కొట్టారు. జానెడు లోతులో మూత. మొదటి గోతికి సరిగ్గా ఒకటిన్నర గజం దూరం. మధ్యాహ్నానికి పైపు ముక్క మార్చి, జాయింటు వేసి, సాయంత్రానికి క్లోరిన్ చుక్కలకి పసుపు రంగు వచ్చింది. పందొమ్మిది రోజుల పని ఒక పూటలో.

తర్వాత నెల కౌన్సిల్ సమావేశానికి వెళ్లాను, స్థానిక విలేకరి ఒకడు నా పాత స్టూడెంటు, వాడి పక్కన కూర్చున్నాను. అరవైకి పైగా అంశాలున్న ఎజెండా. శిలాఫలకం మీద ఒకరి పేరు కింద వరసలో వేశారని గంటన్నర అరుచుకున్నారు, అంశాలన్నీ కలిపి ఇరవై నిమిషాల్లో 'ఆమోదం, ఆమోదం' అంటూ అయిపోయాయి. నలభై ఒకటో అంశం మాది, అత్యవసరంగా చేసిన పనికి డెబ్భై చిల్లర వేలు, ర్యాటిఫికేషన్ కోసం, అంటే పని అయిపోయాక తీసుకునే ఆమోదం. వాల్వుల మ్యాపు గురించి ఒక్క సభ్యురాలు లేచి అడిగింది, 'నోట్ చేసుకుంటాం' అన్నారు. పోనీ నీళ్లకి డబ్బుల్లేవా అంటే, 15వ ఆర్థిక సంఘం మా సైజు ఊళ్లకి ఇచ్చిన డబ్బులో 60 శాతం నీళ్లకీ పారిశుధ్యానికే వాడాలని షరతు పెట్టి ఇచ్చింది. నాకు తోచింది ఏమిటంటే, రోడ్డుకి శిలాఫలకం పెట్టొచ్చు, వాల్వుకి పెట్టలేరు.

ఇప్పుడు పైన రాసిన మంచిని కాస్త సవరించుకోవాలి. వీధి దీపం రెండో రోజుకి వెలగడం నిజమే, కానీ ఆ స్తంభం కౌన్సిలర్ ఇంటి మలుపులో ఉంది, లోపలి సందులో పిన్నిగారి బంధువుల స్తంభానికి నెల పట్టింది. ఫోన్‌లో పన్ను కట్టడం సులువే, ఎంత కడుతున్నానో చూసుకోకపోతే ఇంకా సులువు: 2021 నుంచి అద్దె విలువ లెక్క పోయి ఆస్తి విలువ లెక్క వచ్చాక ఏడాదికి 15 శాతం మించకుండా అంటూ పెరుగుతూనే వచ్చింది. సచివాలయం కుర్రాడు బంగారం, అతనికి పెన్షన్ల పంపకం, సర్వేలు, ఇంకేవో యాప్‌ల ఫోటోలు పోగా మిగిలిన టైమే నీళ్లకి.

రేటింగ్ ఇవ్వమంటే అయిదుకి రెండున్నర. అయితే నా రెండున్నరని మీరు నమ్మొద్దు. మాకు బోరు ఉంది, ఉప్పు నీళ్లయినా బట్టలకీ గిన్నెలకీ సరిపోయాయి, తాగడానికి టిన్నులు కొనుక్కున్నాం, రోజుకి రెండు టిన్నులంటే నా జీతానికి పెద్ద లెక్క కాదు. పక్కింటి అద్దె వాళ్లు ఇద్దరు పిల్లలతో ట్యాంకరు దగ్గర నిలబడ్డారు, చిన్నాడికి విరేచనాలు పట్టుకుని మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు, వాళ్లు రాస్తే వేరేగా ఉంటుంది. పంచాయతీలో ఉన్న మా తోడల్లుడైతే 'మీకు కనీసం ట్యాంకరు వచ్చింది' అంటాడు.

బోరింగ్ దిమ్మ ఉన్న ప్రహరీ మీద ఎర్ర రంగుతో ఒక బాణం వేసి, కింద 'వాల్వు, 11 అడుగులు' అని నేనే రాయించాను. మొన్న సంక్రాంతికి మూలింటాయన గోడకి సున్నం వేయిస్తుంటే దగ్గరుండి ఆ జానెడు మేర వదిలేయించాను. ఎందుకంటే మా వీధి మీద ఇంకో పొర రోడ్డు వేస్తారని వినిపిస్తోంది. చాంబరు ఎత్తు పెంచడం ఈసారైనా ఎస్టిమేట్‌లో పెట్టారా అని ఇంజినీరుని అడిగాను, ఫైలు చూసి చెప్తానన్నాడు. మూడు వారాలైంది.