జీటీకే 4: పేర్లు మార్చితే సరిపోదు

పర్లాకిమిడి, బరంపురం దుకాణాలకు తెలుగు, ఒడియా లిపుల్లో బిల్లింగ్ తెరలు రాసేవాళ్లు, తెర మీద విండోలు, బటన్లు కట్టే లైబ్రరీ జీటీకేలో 3 వదిలి 4కి రావడం మంచిదే. 2020 డిసెంబరులో వచ్చిన ఈ వెర్షన్‌లో, గడిలో టైప్ చేసింది చదివే ఫంక్షన్ 'ఎంట్రీ గెట్ టెక్స్ట్' తీసేసి 'ఎడిటబుల్ గెట్ టెక్స్ట్' పెట్టారు. మామూలు గడి (ఎంట్రీ), వెతికే గడి (సెర్చ్ ఎంట్రీ), అంకెల గడి (స్పిన్ బటన్) అన్నిటికీ ఒకే పిలుపు. ఎంత హాయో!

చిక్కంతా, పెట్టె చూపించి జవాబు వచ్చేదాకా కోడ్‌ను ఆపే 'డయలాగ్ రన్' దగ్గరే. అది లేదిప్పుడు. 'బిల్లు రద్దు చేయాలా?' అని పెట్టె చూపించాక కోడ్ జవాబు కోసం ఆగదు, కింది వరుసకు వెళ్లిపోతుంది. రద్దు చేసే పనంతా 'రెస్పాన్స్' సిగ్నల్ హ్యాండ్లర్‌లోకి (జవాబు నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్‌లోకి) మార్చాల్సిందే.

ముందు జీటీకే 3 చివరి సిరీస్ 3.24లోనే డిప్రికేటెడ్ (ఇక వాడొద్దన్న పాత పిలుపుల) హెచ్చరికలన్నీ తీర్చుకోండి. తెర రూపం రాసిన ఫైళ్లను జీటీకే 4తో వచ్చే బిల్డర్ టూల్ చాలావరకు మారుస్తుంది, సీ కోడ్‌ను మాత్రం ముట్టుకోదు.