గురువును వదిలి వచ్చినోళ్ళకు 'శాపం తీస్తం' అని అమ్ముతున్నరు, జెర జాగ్రత్త

ఆశ్రమమో, సత్సంగమో, ప్రార్థన కూటమో, ఏదో ఒకటి వదిలేసి బయటికి వచ్చినోళ్ళు మన హన్మకొండ, వరంగల్, కాజీపేట దిక్కు ఉన్నరు. ఇది వాళ్ళ కోసమే రాస్తున్న. లోపల ఉన్నప్పుడు ఎవరికి ఎంత పెట్టిన్రో మీకు ఎరికే, అది నేను చెప్పే పనిలేదు. బయటికి వచ్చినంక మీ కోసమే దుకాణం పెట్టుకొని కూసున్నోళ్ళు వేరే ఉన్నరు. వాళ్ళ సరుకు పేరు 'గురుశాప విమోచనం'. 36 వేలు పెట్టి కొన్న, అందుకే చెప్తున్న. కేసు నడుస్తుంది కాబట్టి ఆ కేంద్రం పేరు గానీ, మేం వదిలి వచ్చిన ఆశ్రమం పేరు గానీ రాయను. పేర్లు తెల్వకున్నా పర్వాలేదు, పద్ధతి తెలిస్తే చాలు. పేరు రేపు మార్చుకుంటరు, పద్ధతి మార్చుకోరు.

ఈ సరుకు ఎందుకు అమ్ముడుపోతదో ముందు చెప్పాలె. లేకపోతే బయటోళ్ళకు "చదువుకున్నదానివి, ఎట్ల నమ్మినవ్" అనే మాటొక్కటే వస్తది. మేమున్న కాడ గురువారం గురువారం లెక్క అప్పజెప్పాలె. పైసల లెక్క కాదు. ఆ వారం ఇంటికి ఎవరు వచ్చిన్రు, ఎవరింట్ల తిన్నం, ఎవరితోని ఫోన్ మాట్లాడినం, మనసుల ఏం అనుమానం వచ్చింది, అన్నీ. మా మేనత్త చచ్చిపోతే పరకాలకు పోవడానికి కూడ అడగాల్సి వచ్చింది. బతుకమ్మ ఆడొద్దు, అది తామసం. మేడారం మొక్కు వద్దు, అవి చిన్న దేవతలు. బోనం ముట్టొద్దు. ఇవన్నీ ఒక్కనాడు చెప్పలె, ఒక్కొక్కటే తీసేసుకుంట వచ్చిన్రు. పోయేటప్పుడు చివరికి చేతుల పెట్టేది ఒక్కటే మాట: గురుద్రోహికి ఏడు తరాలు నిలవవు.

మేం బయటికి వచ్చినంక కొద్ది రోజులకే మా చిన్నోనికి డెంగ్యూ పట్టింది. ప్లేట్‌లెట్లు పడిపోయినయి. దోమ కుట్టిందని డాక్టర్ రిపోర్టు పెట్టి చూపిచ్చిండు. మా గల్లీల ఇంకో రెండిండ్లల్ల కూడ అదే జ్వరం. తలకాయకు సమజైంది, కడుపుకు కాలె. రాత్రి సెలైన్ సీసా చూసుకుంట కూసుంటే ఆ ఏడు తరాల మాటే చెవుల మోగింది. ఈ సరుకు అమ్మేటోళ్ళకు కావల్సింది సరిగ్గ ఆ రాత్రే.

పోరడు ఇంటికి వచ్చినంక ఫోన్ వచ్చింది. మాకంటె ముందే ఆశ్రమం వదిలేసిన ఒకాయన, లోపలున్నప్పుడు అన్నా అని పిలిచేటోళ్ళం. "వచ్చేసినవంట కదా అక్కా, మంచి పని చేసినవ్. గాని కట్టు తెంపకుండ వచ్చినవ్. పిల్లగానికి బాగాలేదంట?" అన్నడు. మంచోని తీర్గనే మాట్లాడిండు. ఆశ్రమాన్ని నాలుగు తిట్లు తిట్టిండు, నా గోస ఓపిగ్గ విన్నడు. కట్టు తెంపేటాయన హన్మకొండలనే ఉన్నడని నెంబర్ ఇచ్చిండు. ఆయనకు మనిషికింత అని కమీషన్ ముడుతదని నాకు తర్వాత తెలిసింది. మాతోనే బయటికి వచ్చిన ఇంకో ఆమెకు కూడ ఆయననే ఫోన్ చేసిండు. ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయింది. "కట్టు తెంపకుండ వచ్చినవ్" అనే మాట అక్షరం పొల్లు పోకుండ అదే.

ఇగ ఆ కేంద్రం. గుడి తీరు ఉండదు, దంతాల డాక్టర్ క్లినిక్ తీరుంటది. ఏసీ, టోకెన్, కంప్యూటర్ ముందట ఒక పిల్ల. లోపల తెల్ల లాల్చి ఏసుకున్నాయన నక్షత్రం, గోత్రం అడిగిండు. తర్వాత గురువు పేరు, ఎన్నేండ్లు ఉన్నరు, ఉపదేశం తీసుకున్నరా అని అడిగిండు. ఆఖరుకు, ఏదో మర్చిపోయి గుర్తుకొచ్చినట్టు, "మొత్తం ఎంత సమర్పణ చేసిన్రమ్మా?" అన్నడు. నేను చెప్పిన. ఆయన కండ్లు మూసుకొని, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి, 36 వేలు అన్నడు. ఇంకో ఆమెకు 90 వేలు చెప్పిండు. నేను బడిల లెక్కలు చెప్తా, అందుకని ఇద్దరి అంకెలు పక్కపక్కన పెట్టి చూసిన. ఇద్దరం ఆశ్రమానికి పెట్టినదాంట్ల సుమారు పదో వంతు పడ్డది. శాపం బరువుకు రేటు లేదు, మీ జేబు బరువుకే రేటు. ఆ ప్రశ్న ఎవరన్న అడిగితే జవాబు చెప్పకండి, లేచి వచ్చెయ్యండి.

ఆ 36 వేలకు ఒక హోమం, ఒక రాగి యంత్రం, 41 రోజుల మండల దీక్ష. హోమం మన ముందట చెయ్యరు, వాట్సాప్‌ల వీడియో వస్తది. నా వీడియోల, ఆమె వీడియోల మంట ఒక్కటే, పూలు ఒక్కటే, ఎనుక దగ్గిన మనిషి కూడ ఒక్కడే. గొంతు మాత్రం వేరేది పెట్టి గోత్రం చదివిన్రు. మండలం అయినంక పోతే "శాపం కదిలింది గాని పూర్తిగ పోలేదమ్మా, మీ ఆయన పేరు మీద కూడ కట్టు ఉన్నది" అన్నడు. ఇంకో 25 వేలు. నేను రేపొస్తనని చెప్పి లేచిన. నాకు అక్కడ కూడ గురువారమే కనబడ్డది, కుర్చీలే మారినయి.

పైసలు తీసుకునే తీరు చెప్తా, ఇది చాలా ముఖ్యం. బల్ల మీద క్యూఆర్ కోడ్ ఉంటది. స్కాన్ చేస్తే ఫోన్ల కేంద్రం పేరు రాలె, ఏదో మొబైల్ కవర్ల దుకాణం పేరు వచ్చింది. "బ్యాంకుల పేరు మార్పిచ్చేది ఉన్నదమ్మా" అని ఆ పిల్ల గడగడ చెప్పింది, రోజూ చెప్పే మాటే అన్నట్టు. రశీదు అడిగితే చిన్న చీటీ మీద చేతిరాతతోని 'స్వచ్ఛంద విరాళం' అని రాసి సంతకం గీసింది. సంస్థ పేరు లేదు, రిజిస్ట్రేషన్ నెంబర్ లేదు, పాన్ లేదు. ధర చెప్పి, బేరమాడి, సరుకు చేతికిచ్చి, కాగితం మీద విరాళం అని రాస్తున్నరంటే ఊరికే కాదు. రేపు మనం వినియోగదారుల కమిషన్‌కు పోతే "మేమేం అమ్మలె, ఆమెనే ఇష్టంతోని ఇచ్చింది" అనడానికి. స్కాన్ చేసినప్పుడు వచ్చిన స్క్రీన్‌ను నేను దాసిపెట్టుకున్న, ఇప్పుడు కేసుకు అదే బలం.

యంత్రం సంగతి నవ్వొస్తది. శుద్ధమైన రాగి, కాశీల పూజ చేసింది అన్నరు. జానెడు పలక, ఎర్రగుడ్డల చుట్టి ఇచ్చిన్రు. పటాల పక్కన పెట్టుకొని దీక్ష మొత్తం పూజించిన. ఒకనాడు చిన్నోడు ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మ తెచ్చి దానికి ఆనిచ్చిండు, టక్కున అతుక్కున్నది. రాగికి అయస్కాంతం అతకదు. మాకు పెంబర్తిల చుట్టాలున్నరు, తాతల నుంచి ఇత్తడి రేకు కొట్టే ఇల్లు. వాళ్ళకు చూపిస్తే వాళ్ళల్ల ఒకాయన అంచును ఆకురాయితోని ఒక్క గీత గీసిండు. పైన ఎరుపు, లోపల తెల్లగ ఇనుము. "వదినా, ఇది ఇనుప రేకు, మీద రాగి పూత. మండలం కాకముందే తుప్పు రాలేదంటే నీ భక్తే" అన్నడు.

చట్టం ఏమంటదో వకీలు చెప్పినంక నాకే ఆశ్చర్యమైంది. చెప్పినట్టు చెయ్యకపోతే దేవుని ఆగ్రహానికి గురైతవని నమ్మబలికి మనిషితోని పని చేయించుకునుడు నేరం. ఇది కొత్త సంగతి కాదు, 1860 నాటి పాత శిక్షాస్మృతిల 508 సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమలుల ఉన్న భారతీయ న్యాయ సంహితల ఇదే 354. ఏడాది దాక జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని. మోసానికి 318 వేరే ఉన్నది. తాయత్తు, మంత్రం, కవచంతోని రోగాలు నయమైతయని ప్రకటనలు ఇచ్చేటోళ్ళ కోసం 1954ల చేసిన చట్టం ఒకటున్నది. మా కేంద్రపాయన కరపత్రంల 'సంతానలేమి, షుగర్' అని కూడ ఉన్నది, అదిప్పుడు వకీలు ఫైలుల ఉన్నది. కరపత్రాలు పారెయ్యకండి.

లోపలున్నప్పుడు ఆశ్రమానికి రాసిచ్చిన ఆస్తులకు కూడ ఒక దారి ఉన్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ల అనుచిత ప్రభావం అని ఉన్నది: ఎదుటి మనిషి మనసు మీద పెత్తనం ఉన్నోడు దాన్ని వాడుకొని రాయించుకుంటే అది రద్దు చేయించుకోవచ్చు. 1890ల అలహాబాద్ హైకోర్టు ముందటికి ఇట్లాంటి కేసే వచ్చిందట. పరలోకంల పుణ్యం దొరుకుతదని నమ్మించి ఒక గురువు ముసలి శిష్యుని ఆస్తి మొత్తం రాయించుకున్నడు, కోర్టు ఆ రాతను చెల్లదన్నది. నూట ముప్పై ఏండ్లు దాటినా ఎవుసం అదే, పంట అదే. అయితే రోజులు గడవనియ్యకండి, గడువులుంటయి. వినియోగదారుల కమిషన్‌ల రెండేండ్ల లోపే వెయ్యాలె. విలువ 5 లక్షల లోపుంటే అక్కడ ఫీజు కూడ లేదు. ముందుగాల 1915కు ఫోన్ చేసినా దారి చెప్తరు.

ఇంకో రకం కూడ తిరుగుతున్నరు. "మీ సమర్పణ పైసలు వాపసు తెప్పిస్తం, మాకు పై అధికారులు ఎరుకే, ముందు ఫైల్ ఖర్చు 10 వేలు పంపండి" అంటరు. పంపకండి, అంతే. పంపినోళ్ళు ఎంటనే 1930కి ఫోన్ చెయ్యండి, సైబర్ నేరాల నెంబర్ అది. ఎంత జల్ది చేస్తే పైసలు ఆగే అవకాశం అంత ఎక్కువ.

పైసలు లేకుండ మెడకు చుట్టుకునేది మరొకటి, కొత్త గుంపు. "పాపం, మిమ్మల్ని ఎంత మోసం చేసిన్రు" అని ఇంటికొచ్చి ఏడుస్తరు, వండిపెడుతరు. వాళ్ళందరూ చెడ్డోళ్ళని నేననను. వారం రాకపోతే ఎందుకు రాలేదని గట్టిగ అడిగిన్రంటే మాత్రం జెర ఆగి చూడండి.

మరి భయం ఎట్ల పోయిందని ఆ ఇంకో ఆమె నన్ను అడిగింది. పూర్తిగ పోయిందని చెప్పను. గురువారం వస్తే ఇప్పటికీ కడుపుల ఏదో తిప్పుతది. టెలీ మానస్ అని సర్కారు నెంబర్ ఉన్నది, 14416. పైసల్లేవు, తెలుగుల మాట్లాడుతరు. మొదటిసారి చేసినప్పుడు నేను సగం సేపు ఏడ్చుడే, అవతలామె తొందర పెట్టలె. వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానల కూడ మానసిక వైద్యుల ఓపీ ఉంటది. నలుగురు చూస్తరని సిగ్గుపడేటోళ్ళు ఆ కేంద్రం ఏసీల నలుగురి నడుమనే కూసున్నరు కదా.

నమ్మకం సంగతి ఎవరిది వాళ్ళకే. మా ఆయన ఏ దేవునికీ మొక్కుతలేడు, దీపం పెడితే అడ్డం చెప్పడు. నేను మాత్రం పోయినేడు ఎంగిలిపూల నాడు తంగేడు పువ్వు, గునుగు పువ్వు తెచ్చి పేర్చిన. చేతులు మర్చిపోలె. ఆడ ముందు చప్పట్లు కొట్టబుద్ధి కాలె, ఎవరో చూస్తున్నరని, ఎవరికో చెప్పాల్సి వస్తదని. రెండో పాటకు పక్కింటి పెద్దమ్మ నా భుజం గుంజి వరుసల నిలబెట్టింది. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కాడికి పోయి నీళ్ళల్ల వేసి, నువ్వుల సద్ది పంచుకొని తిని ఇంటికొచ్చిన. ఎవరూ పేరు రాసుకోలె. మా అమ్మ మొక్కిన మేడారం మొక్కు బాకీ ఉన్నది, చిన్నోని ఎత్తు బంగారం. బంగారమంటే బెల్లమేనని మనకు తెలుసు కదా. మాఘమాసంల జాతరకు వీలైతే పోతం, లేకపోతే లేదు. అమ్మలు కోపం చేస్తరని ఫోన్ చేసేటోళ్ళు అక్కడ ఎవరూ లేరు.

ఇప్పుడు కేసు ఎక్కడున్నదంటే, నోటీసు పోయినంక ఆ కేంద్రం తరఫున ఒకడు ఇంటికొచ్చిండు. 18 వేలు నగదు ఇస్తం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి అన్నడు. దాంట్ల 'నేను స్వచ్ఛందంగ విరాళం ఇచ్చిన, నాకెలాంటి ఫిర్యాదు లేదు' అని టైపు చేసి ఉన్నది. నేను పెట్టలె. ఇంకో ఆమెకు కూడ అదే కాగితం పంపిన్రంట, అంకె ఒక్కటే మారింది. మీ దాక వస్తే వకీలుకు చూపియ్యకుండ సంతకం పెట్టకండి. వకీలుకు పైసలెక్కడివి అంటరేమో, ఆడోళ్ళకు ఆదాయం ఎంతున్నా ఉచితంగనే వకీలును ఇయ్యాలని 1987 చట్టంల ఉన్నది. జిల్లా కోర్టుల న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుల దరఖాస్తు ఇయ్యాలె, ఫోన్ అయితే 15100. పోయేటప్పుడు చీటీ, క్యూఆర్ స్క్రీన్, వీడియో, కరపత్రం, యంత్రం అన్నీ పట్టుకపోండి.