క్రోనో ట్రిగ్గర్ మళ్లీ ఆడాను, ఈసారి ప్రతి మాటా చదువుతూ

క్రోనో ట్రిగ్గర్‌ని కేవలం కొట్లాటల కోసం కొనకండి. కొట్లాటలు బాగానే ఉంటాయి, కానీ ఈ ఆట ప్రాణమంతా ఊళ్లలో ఆగి జనంతో మాట్లాడటంలో, అసలు కథకు అవసరం లేని పనులు నెత్తిన వేసుకోవడంలో ఉంది. ఈమధ్య పీసీలో మొదటినుంచి చివరిదాకా ఆడాక నాకు బలంగా అనిపించింది ఇదే.

జపాన్‌లో స్క్వేర్ సంస్థ 1995లో నింటెండో వారి సూపర్ ఫామికామ్ అనే గేమ్ పరికరం కోసం తెచ్చిన రోల్ ప్లేయింగ్ గేమ్ ఇది. పాత్రలు కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతూ సాగే కథ. ఫైనల్ ఫాంటసీకి ఆద్యుడైన హిరోనొబు సకగుచి, డ్రాగన్ క్వెస్ట్‌ని తయారుచేసిన యూజీ హోరీ దీనికి కలిసి పనిచేశారు. పాత్రల బొమ్మలు అకిరా తొరియామావి. డ్రాగన్ బాల్ కార్టూన్ చూస్తూ పెరిగినవాళ్లు కథానాయకుడు క్రోనో జుట్టు చూడగానే గుర్తుపడతారు.

మా ఇంటికి ఇది ఎమ్యులేటర్‌తో (ఆ పరికరం ఆటలను కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రామ్) సహా ఒక సీడీలో వచ్చింది. ఆర్ఈసీ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో ఉండే మా పెద్దమ్మ కొడుకు తెచ్చాడు. అది అప్పటికింకా ఎన్ఐటీ కాలేదు. హన్మకొండలో మా ఇంట్లో ఉన్నది ఒకటే కీబోర్డు. నడిపించడం మా అన్న పని, కొట్లాటలో ఎవరు ఏ దెబ్బ వేయాలో చెప్పడం నా పని. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి ఊరికే ఎఫ్2 నొక్కి సేవ్ చేసుకునేవాళ్లం. నాకు ఇంగ్లీషు అంతగా వచ్చేది కాదు. అన్నకేమో ఆగి చదివే ఓపిక లేదు. మాటలన్నీ దాటేసి తర్వాతి శత్రువు దగ్గరికి ఉరికేవాళ్లం.

ఇప్పుడు మా బాబును పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి మాటా తెలుగులో చెప్తూ ఆడాను. గార్డియా రాజ్యానికి వెయ్యేళ్లు నిండిన సందర్భంగా జాతర జరుగుతుంటుంది, ఆట అక్కడే మొదలు. ఒక అమ్మాయి క్రోనోకు గుద్దుకుని పడిపోతుంది. ఆమె మెడలోని లాకెట్ ఎగిరిపడుతుంది. ముందు ఆమెను పలకరిస్తామా, లాకెట్ తీసుకుంటామా? దుకాణం దగ్గర ఎవరిదో సద్ది ఉంటుంది, తింటామా? "ఎవ్వరూ చూడలేదు గదా మమ్మీ" అని మావాడు తినేశాడు. కొన్ని గంటల ఆట తర్వాత, ఆ అమ్మాయే యువరాణి అని తేలి, ఆమెను ఎత్తుకుపోయాడన్న నేరం మీద క్రోనోను కోర్టులో నిలబెడతారు. అప్పుడు ఆ సద్ది యజమాని సాక్షిగా వస్తాడు! మావాడి మొహం చూడాలి. ఏ తీర్పు వచ్చినా జైలు తప్పదు, కానీ మనం చిన్నవనుకుని చేసిన పనులను ఎవరో చూసి గుర్తుపెట్టుకున్నారన్న సంగతి ఆట చివరిదాకా వదలదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఫియోనా అడవి కథ. ఇక్కడినుంచి కథలో ముఖ్యమైన సంగతులు బయటపెడుతున్నాను, కొత్తగా ఆడేవాళ్లు ఈ పేరా, తర్వాతి పేరా దాటేయండి. 600వ సంవత్సరంలో ఫియోనా అనే ఆమె ఎడారిగా మారిన నేలలో మళ్లీ అడవి పెంచాలని తపన పడుతుంటుంది. ఆమెకు సాయంగా మన జట్టులోని మరమనిషి రోబో అక్కడే ఉండిపోతాడు. మిగతావాళ్లు కాలనౌకలో 1000వ సంవత్సరానికి వెళ్తారు. మనకు క్షణాల ప్రయాణం. రోబోకు 400 ఏళ్లు. ఎడారి పచ్చటి అడవైంది, రోబోను గుడిలో పెట్టి కొలుస్తున్నారు. పాకాల, రామప్ప చెరువుల కింద ఇవాళ్టికీ వరి పండించే ప్రాంతం మాది. కాకతీయుల కాలంలో మట్టి మోసి ఆ కట్టలు పోసినవాళ్ల పేర్లు మనకు తెలియవు. రోబో లేచి తనను తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లను పలకరించినప్పుడు నాకు వాళ్లే మనసులో మెదిలారు.

ఆ రాత్రే క్రోనో స్నేహితురాలు లుకా తన చిన్నతనంలోకి వెళ్తుంది. వాళ్లమ్మ లారా బట్టలు యంత్రంలో చిక్కుకుంటాయి. టైమ్ అయిపోకముందే సంకేతపదం కొట్టాలి, అది లారా పేరే. కొట్టలేకపోతే గేమ్ ఓవర్ రాదు. ఆమె కాళ్లు పోతాయి, కథ ముందుకు సాగుతుంది. అంత కఠినంగా ఉండటం సరైనదేనని నా అభిప్రాయం. పిల్లల ముందు ఆడేటప్పుడు మాత్రం ముందే సేవ్ చేసుకోండి.

కొట్లాటల సంగతికొస్తే, శత్రువులు చాలావరకు దారిలోనే కనిపిస్తారు, నడుస్తుండగా కొట్లాట కోసం వేరే తెర తెరుచుకోదు. ఇద్దరు ముగ్గురు కలిసి వేసే దెబ్బల కోసం అందరి వంతూ వచ్చేదాకా ఓపికపట్టడంలో మంచి టెన్షన్ ఉంటుంది. సంగీతం యసునోరి మిత్సుదాది. మధ్యలో ఆయనకు జబ్బు చేస్తే మిగిలిన పని నొబువో ఉఎమాత్సు అందుకున్నాడు. జీల్ రాజ్యంలో వచ్చే "కారిడార్స్ ఆఫ్ టైమ్" కోసం హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

పీసీ వెర్షన్ 2018లో వచ్చినప్పుడు బొమ్మలను నున్నగా చేసి పాడుచేశారు. ఆటగాళ్లు గొడవ చేశాక ప్యాచ్‌లతో సరిచేశారు. సెట్టింగ్స్‌లో ఒరిజినల్ గ్రాఫిక్స్ పెట్టుకోండి, ఆ చుక్కల బొమ్మలే అందం. ఆటోసేవ్ కూడా ఉంది. ఫోన్‌లోనూ దొరుకుతుంది గానీ, అద్దం మీద వేలితో నడిపించడం నాకు చిరాకనిపించింది. చవకదైనా సరే, ఒక గేమ్‌ప్యాడ్ తీసుకుని పీసీలోనే ఆడండి. 2008లో నింటెండో డీఎస్ అనే చేతిలో పట్టే గేమ్ పరికరం కోసం అదనంగా చేర్చిన లాస్ట్ శాంక్టమ్ భాగాన్ని నిర్మొహమాటంగా వదిలేయొచ్చు. ఒకే కొండ ఎక్కడం, దిగడం, అంతకుమించి ఏమీ లేదు.

ఇంకొక్క మాట. మన జట్టులోని వీరుడు ఫ్రాగ్‌ను కప్పగా మార్చిన మంత్రగాడు మేగస్ సముద్రపు ఒడ్డున ఎదురైనప్పుడు అతనితో పోరాడొచ్చు, లేదా మన జట్టులో కలుపుకోవచ్చు. చంపితే ఫ్రాగ్‌కు చివర్లో మనిషి రూపం తిరిగొస్తుంది. కలుపుకుంటే గట్టి మంత్రగాడు దొరుకుతాడు. నేను కలుపుకుందామన్నాను, మావాడు ఫ్రాగ్ పక్షాన నిలబడ్డాడు. అందుకే అక్కడ రెండు వేరువేరు సేవ్‌లు పెట్టాం. మీరూ పెట్టుకోండి.