లో-కార్బ్‌కి మా పెరడు సరిపోయింది, మే నెలలో తప్ప

ముందే చెప్తున్నా, నాకు ఈ తిండి మీద కోపం లేదు. మే నెల మీద కోపం. లో-కార్బ్, అంటే అన్నం లాంటి పిండిపదార్థాలు తగ్గించి తినే పద్ధతి, దాని గురించి చెప్పేవాళ్లంతా ఏ కూరలు తినాలో పట్టిక ఇస్తారు. ఆ కూరలు హన్మకొండలో ఏ నెలలో కాస్తాయో మాత్రం ఒక్కరూ చెప్పరు. బ్రకోలీ, అవకాడో అని రాసేవాళ్లను వదిలేయండి. పాలకూర, బీరకాయ అంటూ మన కూరలే రాసేవాళ్లు కూడా ఏడాది పొడుగునా అవి పెరట్లో వేలాడుతుంటాయన్నట్టే రాస్తారు. మా ఇంట్లో కొన్నేళ్లుగా ఈ పద్ధతి నడుస్తోంది, వీలైనంత వరకు ఇంట్లో పండినవాటితోనే. ఇదే సమీక్ష సంక్రాంతి ముందు రాసుంటే మొత్తం మెచ్చుకోలే ఉండేది. ఎండాకాలం దాటాక రాస్తున్నాను కాబట్టి ఇలా ఉంటుంది.

మా సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా మాటలన్నీ దాన్నిబట్టే ఉంటాయి. మా ఆయనకు షుగర్. నాకు లేదు, కానీ ఒకే ఇంట్లో రెండు వంటలు ఎవరు చేస్తారు? ఇంటి పక్కన ఒక ఖాళీ ప్లాట్ ఉంది. దాని ఓనర్ హైదరాబాద్‌లో ఉంటాడు. తుప్పలు పెరిగి పాములు చేరకుండా ఉంటే చాలు, వాడుకోండి అన్నాడు. బోరు మాదే. అన్నం తగ్గించే ముందే డాక్టర్‌తో మాట్లాడాం. మా ఆయన వాడే షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్ మోతాదును డాక్టర్ ముందే తగ్గించారు. ఆ మాత్ర అలాగే వేసుకుంటూ అన్నం మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. అన్నం బాగా తగ్గిస్తే, మీటర్‌లో షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యేవి) ప్రమాదకరంగా పెరగొచ్చు. కాబట్టి ఇది పక్కింటావిడను చూసి మొదలుపెట్టే పని కాదు. ఆ పక్కింటావిడను నేనే అయినా సరే.

చలికాలం గురించి చెప్తే ఎంతైనా చెప్పొచ్చు. మృగశిరలో వాన పడగానే గింజలు పెడితే శ్రావణం నుంచి బీర, సొర, కాకర వరసగా వస్తాయి. ములుగు వైపు నుంచి వచ్చే బోడకాకర మాత్రం కొనుక్కోవాల్సిందే, ధర చూసి గుండె దిటవు చేసుకుని. ఇక చిక్కుడు. ఆషాఢంలో పెట్టిన గింజ దసరా దాకా తీగ సాగడం తప్ప ఏమీ చేయదు. బతుకమ్మ పేరుస్తూ నేను ఆ పందిరి కేసి చూసి తిట్టుకోని ఏడు లేదు. పగళ్లు చిన్నవయ్యాక, కార్తీకంలో, ఒక్కసారిగా పూత మీదికొస్తుంది. ఇక మాఘం దాకా కోసేవాళ్లదే ఆలస్యం. వంకాయ, ముల్లంగి, పాలకూర, మెంతికూర అన్నీ ఆ రోజుల్లోనే. వండిన అన్నం వంద గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటే, సొరకాయలో మూడు, నాలుగు గ్రాములు. కడుపు నిండా తిని లేచినా మధ్యాహ్నం కునుకు రాదు. మా ఆయన హెచ్‌బీఏ1సీ, అంటే కొన్ని నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష అంకె, 8 దాటి ఉండేది, ఒక చలికాలం గడిచేసరికి 6.6కి దిగింది. కూరల ఖర్చు కూడా తగ్గింది. సంక్రాంతి సకినాల దగ్గర కాస్త ఇబ్బంది తప్ప నాకు ఫిర్యాదు లేదు. మేడారం బంగారం, అదే జాతర బెల్లం, ఎవరైనా తెచ్చిస్తే కళ్లకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంటాం, దానికి ఏ డైటూ అడ్డం రాదు.

ఇక్కడ ఒక విషయం ఎవరూ విడమరిచి చెప్పరు. అన్నం ఉన్నప్పుడు కూర అనేది కలుపుకునేది. గుప్పెడు చిక్కుడుకాయలు వండితే ఇద్దరికి రెండు పూటలు వెళ్లేది. అన్నం తీసేస్తే కూరే భోజనం. ఇద్దరికి రోజుకు కిలోకు పైగా కూరగాయలు కావాలి. నవంబర్‌లో ఆ కిలో పెరట్లో నుంచే వస్తుంది, ఇంకా ఇరుగుపొరుగుకు పంచగా మిగులుతుంది. మే నెలలో ఆ కిలో ఎక్కడి నుంచి రావాలి?

మొదటి ఎండాకాలం ఏం జరిగిందో వివరంగా చెప్తాను. ఫిబ్రవరి చివర్లో చిక్కుడుకు పేనుబంక పట్టింది. వేపనూనె కొట్టాను, ఆగలేదు. ఎలాగూ దాని పని అయిపోయింది కదా అని పీకేశాను. మార్చిలో పాలకూర గింజకొచ్చింది, మెంతికూర చేదెక్కింది. ఇది ఊహించిందే. కానీ ఎండాకాలం పంటగా పెట్టిన బీర పాదులున్నాయి కదా అనే ధీమా ఉంది. ఏప్రిల్‌లో పాదు నిండా పసుపు పూలు. మా ఆయన ఫోటోలు తీసి వాళ్ల చెల్లెళ్లకు పంపాడు. ఒక్క పిందె లేదు. అన్నీ మగ పూలే. ఎండ, పొడుగు పగళ్లు తోడైతే ఈ తీగలకు మగ పూలే ఎక్కువ పడతాయట. టమాట పూత పూసింది పూసినట్టే రాలిపోయింది. గ్రీన్ నెట్ కట్టించాను. దాని కింద తోటకూర ఒక్కటే బతికింది. ఎండ 44కి చేరిన రోజుల్లో బోరు కాసేపు పోసి, గాలి తన్ని, ఆగిపోయేది. ఇంట్లో తాగే నీళ్లు చూసుకోవాలా, వంకాయ మొక్కలు చూసుకోవాలా? ఇందులో ఒక తమాషా కూడా ఉంది. ఇదివరకు బియ్యం కడిగిన నీళ్లన్నీ మొక్కలకే పోసేదాన్ని. అన్నం తగ్గించాక ఆ నీళ్లు కూడా లేవు.

సరే, కొనుక్కుందామని రైతుబజార్‌కు పోతే అక్కడ కూడా ఎండాకాలమే. వాడిన ఆకుకూర, దూరం నుంచి లారీల్లో వచ్చిన క్యాబేజీ. దోసకాయ, కీర దొరుకుతాయి, కానీ కీర ముక్కలతో కడుపు ఎంతసేపు నిండుతుంది? దానికి తోడు మనవైపు ఎండాకాలం తిండంతా అంబలి, గట్క, మామిడికాయ పప్పు, పచ్చిపులుసు పోసుకుని అన్నం. ఒంటికి చల్లగా ఉండేవన్నీ పిండితోనే ఉన్నాయి. మే నెలంతా పెళ్లిళ్లు. పంక్తిలో బగారా అన్నం వద్దని మటన్ ఒక్కటే వేయించుకుంటే వడ్డించేవాళ్లు చూసే చూపు మాకు అలవాటైపోయింది. రాత్రిళ్లు మా ఆయనకు పిక్కలు పట్టేసేవి. అన్నం తగ్గిస్తే ఒంట్లో నుంచి ఉప్పు, నీళ్లు ఎక్కువగా బయటికి పోతాయి, చెమట దానికి తోడైంది. ఉప్పేసిన మజ్జిగ పెంచాక తగ్గింది. ఆయనకు బీపీ లేదు కాబట్టి అలా కుదిరింది.

మే మధ్యకల్లా మా కంచంలో గుడ్లు, పల్లీలు, పనీర్, మళ్లీ గుడ్లు. లో-కార్బ్ లెక్క తప్పలేదు, కానీ ఇంటి కూరలు అన్న మాట అబద్ధమైపోయింది. మలబద్ధకం మొదలైంది. ఒకరోజు మా ఆయన కంచం పక్కకు జరిపి, ఇంకొక్క గుడ్డు పెడితే నేను కోడిలా కూస్తానన్నాడు. తర్వాతి రోజు నుంచి మామిడిపండ్లు మొదలయ్యాయి. బంగినపల్లి ఇంట్లో పెట్టుకుని షుగర్ ఉన్న మనిషిని ఆపడం నా వల్ల కాలేదు.

ఆ వారమే మా అత్తమ్మ పరకాల దగ్గరి ఊరి నుంచి వచ్చింది. మమ్మల్ని చూడ్డానికని చెప్పింది కానీ కూలర్ కోసమని నా అనుమానం. మా వంటింటి వాలకం చూసి, "బువ్వ తినరు, కూరలు లెవ్వు. మరేం తింటున్నరే?" అంది. పెరటి సంగతంతా చెప్పాను. "మాఘంల ఎండవెట్టుకుంటెనే కద బిడ్డా రోహిణిల తినేది" అని, మళ్లీ వచ్చే వాళ్లతో ఒక సంచి తెప్పించింది. అందులో ఒరుగులు. చిక్కుడు ఒరుగులు, వంకాయ ఒరుగులు, కాకర, గోకర.

ఒరుగులు నాకు కొత్త కాదు. కాకపోతే చిన్నప్పుడు అవి పేదింటి వంటగా, వాన ముసురు పట్టి బజారుకు పోలేని రోజు పులుసుగా చూసినవే. లో-కార్బ్ చెప్పేవాళ్ల నోట ఈ మాట ఒక్కసారి కూడా వినలేదు. అప్పటి నుంచి ప్రతి ఏడూ ఫిబ్రవరిలో నేనే పెడుతున్నాను. చిక్కుడుకాయలు నార తీసి, తుంచి, ఉప్పు నీళ్లలో ఒక పొంగు రానిచ్చి వార్చేయాలి. మెత్తబడనివ్వకూడదు. పాత పంచె మీద పలచగా పరిచి, గలగలమనే దాకా ఎండబెట్టాలి. సాయంత్రం తప్పకుండా లోపలికి తేవాలి, మంచు తగిలితే బూజు. వంకాయను పొడుగు చీలికలుగా కోసి ఉప్పు మజ్జిగలో వేసి తీస్తే నల్లబడదు. కాకరకు చక్రాలు. పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టి బిగించేయాలి.

వండటానికి వేడినీళ్లలో నానబెట్టి, పిండి, ఎక్కువ నూనెలో ఉల్లిగడ్డతో మగ్గించి, చివర్లో నువ్వుల పొడి చల్లుతాను. చపాట మిర్చి కారం వేస్తే రంగు వస్తుంది, మంట తక్కువ, ఎండాకాలానికి అదే నయం. వంకాయ ఒరుగులు ఎండు రొయ్యలతో కలిస్తే మా ఆయన అన్నం మాటే ఎత్తడు. తాజా చిక్కుడు రుచి కాదది. నమలడానికి ఏదో ఉన్నట్టు, కాస్త మాంసంలా ఉంటుంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా సంతోషం కలిగించింది ఇదొక్కటే అనుకుంటా.

దీన్లోనూ మెలిక ఉంది. కూరగాయలో చాలావరకు నీళ్లే, కిలో ఎండబెడితే చేతికి వచ్చేది గుప్పెడు. మే, జూన్ నెలలకు సరిపడా కావాలంటే చలికాలంలో పండిందాంట్లో పెద్ద భాగం ఎండకే పోతుంది, పొరుగువాళ్లకు పంచడం మానుకోవాల్సి వచ్చింది. నానాక ఉబ్బుతాయని చూసుకోకుండా ఎక్కువ వేస్తే లెక్కలో పిండిపదార్థం కూడా పెరుగుతుంది, ఎండితే పోయేది నీళ్లే. ఉప్పు సంగతి సరేసరి.

ఇంకో రెండు ఆదుకున్నాయి. ఒకటి గంగవాయిల కూర. నీళ్లు తగిలిన ప్రతి మూలా తానే మొలుస్తుంది, మే ఎండలోనూ ఆకు వాడదు. కలుపని పీకేసేదాన్ని, ఇప్పుడు దానికే నీళ్లు పోస్తున్నాను. మనవాళ్లు మామిడికాయతో పప్పులో వేస్తారు. పప్పు తగ్గించి గుడ్డు కొట్టి పోసినా బాగుంటుంది. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు మాత్రం దీన్నీ పాలకూరనూ రోజూ తినకూడదు, వీటిలో ఆక్సలేట్ ఎక్కువ. రెండోది చింతచిగురు. అది మా పెరటిది కాదు, అత్తమ్మ ఊరి చెట్టుది. మటన్‌లో వేస్తే ఇంక చెప్పేదేముంది.

పైన మెచ్చుకున్నవాటి గురించి కూడా కొంచెం సర్దుకుని చెప్పాలి. చిక్కుడు లేతగా ఉన్నంతవరకే నేను చెప్పినంత మంచిది. గింజ ముదిరాక అది పప్పుగింజల జాతే, అన్నమంత కాకపోయినా లెక్కలోకి వస్తుంది. కూరల ఖర్చు తగ్గిన మాట నిజమే, కానీ నువ్వులు, పల్లినూనె, గుడ్లు, మటన్ కలిపితే నెల ఖర్చు పెరిగింది. ఇక ఆ హెచ్‌బీఏ1సీ. అది సుమారు మూడు నెలల సగటు చెప్తుంది. చిక్కుడు, ముల్లంగి తిన్న రోజులే 6.6 వచ్చిన పరీక్షలో పడ్డాయి, అందుకే అంత అందంగా కనిపించింది. ఆ ఎండాకాలం తర్వాత ఆగస్టులో చేయిస్తే 7.2. బంగినపల్లి, పెళ్లిళ్లు అన్నీ అందులో ఉన్నాయి. ఒరుగులు మొదలుపెట్టాక ఆగస్టు అంకె కాస్త మెరుగైంది. మాత్రలు, నడక కూడా ఉన్నాయి కాబట్టి ఘనతంతా ఒరుగులదే అనలేను.

చూసి చూసి మే నెలకు మాకు వేరే రూలు పెట్టుకున్నాం. మధ్యాహ్నం ఒక చిన్న జొన్నరొట్టె, ఒరుగుల కూర, మజ్జిగ. జొన్నలో పిండిపదార్థం తక్కువేమీ కాదని తెలుసు. తెలిసే తింటున్నాం. పట్టింపుగా చేసేవాళ్లు దీన్ని లో-కార్బ్ అనరు. మా డాక్టర్ అడ్డం చెప్పలేదు, మాకు అది చాలు.

మీకు నేల, నీళ్లు, ఫిబ్రవరిలో మేడ మీద ఎండ, సాయంత్రం అయిదింటికి ఇంట్లో ఉండే మనిషి ఉంటే చేసి చూడొచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఉండి ఇద్దరూ ఉద్యోగాలకు పోయేవాళ్లకు నేను సలహా చెప్పలేను. కుండీల్లో ఆకుకూర వస్తుంది కానీ రోజుకు కిలో రాదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ల సంగతి అసలే చెప్పలేను. మొదలుపెట్టాలనుకుంటే మాత్రం జూన్‌లో మొదలుపెట్టండి, జనవరిలో కొత్త సంవత్సరం ఉత్సాహంతో కాదు. జనవరిలో మొదలుపెట్టినవాళ్లకు పెరడు నెలా రెండు నెలలు బాగా తినిపించి, మార్చిలో చేతులెత్తేస్తుంది.

మా విషయంలోనూ ఇది ఎన్నాళ్లో తెలియదు. పక్క ప్లాట్ ఓనర్ పోయిన నెల మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చి కొలతలు తీసుకుని పోయాడు. చిక్కుడు పందిరి ఈసారి మా ప్రహరీ లోపలికి మార్చాను, కానీ అక్కడ మధ్యాహ్నం దాకా ఎండ రాదు.