బాస్ చేపల జట్టు పోటీకి చెరువు వెతుకుతూ: టెక్సస్‌లో మూడు జలాశయాలు

డాలస్ పరిసరాల్లో ఉంటున్న మిత్రులం కొందరం, పడవకు ఇద్దరు చొప్పున ఇరవై జట్లకు మించకుండా, బాస్ అనే మంచినీటి చేపలను గాలంతో పట్టే పోటీ నిర్వహించాలని తలపెట్టి, స్థలం ఖాయం చేసుకోవడానికి మూడు జలాశయాలు చూసి వచ్చాం. చేపలు ఎక్కడ బాగా పడతాయో ఏ గాలపు వేటగాడిని అడిగినా చెబుతాడు. తెల్లవారకముందే అన్ని పడవలూ తొక్కిసలాట లేకుండా నీటిలోకి దిగగల ర్యాంప్ (వాలు దారి), లారీ అంత పొడవుండే ట్రక్కూ ట్రైలరూ నిలపడానికి చోటు, గాలి లేచినా మధ్యాహ్నానికి అందరూ క్షేమంగా తిరిగి రాగల నీళ్లు, ఒడ్డుకు ఆనుకునే తూకం వేయడానికి నీడ ఉన్న చోటు ఉన్నాయా అన్నది మాత్రం నిర్వాహకుడు స్వయంగా వెళ్లి చూసుకోవలసిందే.

పేరులో అన్నింటికంటే ముందుండేది లేక్ ఫోర్క్. డాలస్‌కు తూర్పున, రెండు గంటలలోపు ప్రయాణంలో ఉంటుంది. సుమారు 27 వేల ఎకరాల ఈ జలాశయంలోనే 1992లో 18.18 పౌండ్ల లార్జ్‌మౌత్ రకం బాస్ పడింది. రాష్ట్ర రికార్డు ఇప్పటికీ అదే. అయితే చేపలను అంత పెద్దవిగా పెరగనిచ్చిన నిబంధనే మామూలు పోటీకి అడ్డం వస్తుంది. 16 నుంచి 24 అంగుళాల మధ్య పొడవున్న బాస్‌ను అక్కడికక్కడే నీటిలో వదిలేయాలి. 24 అంగుళాలు, ఆపైన ఉన్నది రోజుకు ఒక్కటి మాత్రమే ఉంచుకోవచ్చు. అంటే అయిదు చేపలను లైవ్‌వెల్‌లో (చేపలను బతికించి ఉంచే పడవలోని నీటి తొట్టెలో) వేసుకొని వచ్చి తూకం వేయించుకునే పద్ధతి పెడితే, గెలుపును తేల్చవలసిన నాలుగైదు పౌండ్ల చేపలు తక్కెడ దాకా రావు. పదహారు అంగుళాల లోపు పిల్ల చేపల మీదో, అదృష్టవశాత్తూ తగిలిన ఒక్క భారీ చేప మీదో ఫలితం ఆధారపడుతుంది.

దీనికి పరిష్కారం లేకపోలేదు. ప్రతి పడవకూ ఒకే రకం కొలబద్ద పలక ఇచ్చి, చేపను దాని మీద పెట్టి ఫోటో తీసి, వెంటనే వదిలేయమని చెప్పి, మొత్తం పొడవును బట్టి విజేతను నిర్ణయించవచ్చు. పాత ఫోటోలు చొరబడకుండా, ఆ ఉదయమే ప్రకటించిన గుర్తు సంఖ్య రాసిన చీటీ ప్రతి ఫోటోలోనూ కనబడాలని నియమం పెట్టాలి. చేపకు ఇది అన్నివిధాలా మేలే. ఇక మా జట్లలో సగం మంది రావడం తూకం వేదిక దగ్గర సంచీ ఎత్తి చూపే ఆ క్షణం కోసమే కనుక వారికి ఇది చప్పగా అనిపించింది, వారిని తప్పుపట్టలేను.

ఫోర్క్ దగ్గర బస విషయంలో ఒక్క మాట చెప్పాలి. మెరీనాల (పడవల రేవుల) పక్కన క్యాబిన్లు, చిన్న మోటెళ్లు చాలానే ఉన్నాయి, కానీ బాస్ పడవతో వెళ్లేవారికి మంచం కంటే ముఖ్యమైనది పడవ నిలిపిన చోట కరెంటు ప్లగ్గు. వేటలో పడవను నెమ్మదిగా కదిపే ట్రోలింగ్ మోటారు బ్యాటరీలు రాత్రంతా ఛార్జి కాకపోతే మరునాటి వేట సగం పోయినట్టే. మేము దిగిన ఒక ప్రైవేటు బసలో పడవలకు ఛార్జింగ్ సౌకర్యం ఉందని ప్రకటనలో రాశారు. తీరా చూస్తే గది కిటికీలోంచి తీగ లాగవలసి వచ్చింది, మూడో పడవ కలపగానే విద్యుత్తు ఆగిపోయింది. గది బుక్ చేసేటప్పుడు బయట ఎన్ని ప్లగ్గులున్నాయో ఫోను చేసి అడగడం మంచిది. మునిగిన చెట్ల మోళ్లు కూడా ఇక్కడ ఎక్కువే. పడవలు తిరిగే దారులకు గుర్తులు పాతారు. వాటిని దాటి వేగంగా పోతే ప్రొపెల్లర్ దక్కదు.

శామ్ రేబర్న్ జలాశయం తీరు వేరు. 114,500 ఎకరాలతో, పూర్తిగా టెక్సస్ సరిహద్దుల లోపల ఉన్న జలాశయాల్లో ఇదే అతి పెద్దది. బాస్‌కు ఇక్కడ 14 అంగుళాల కనీస పొడవు, రోజుకు మనిషికి అయిదు అన్న మామూలు నిబంధనే కాబట్టి తూకం పోటీకి చిక్కు లేదు. అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ విభాగమైన కోర్ ఆఫ్ ఇంజనీర్స్ నడిపే పార్కుల్లో విడిది స్థలాలు విశాలంగా, శుభ్రంగా ఉన్నాయి. పెద్ద పోటీల కోసమే కట్టిన తూకం మండపం కూడా ఈ జలాశయం ఒడ్డున ఉంది, వందలాది పడవలను తట్టుకోగల ఏర్పాటు అది. ఇరవై పడవలతో అక్కడికి వెళ్తే పెళ్లి మండపంలో నామకరణం చేసినట్టుంటుంది. పైగా డాలస్ నుంచి సుమారు 200 మైళ్లు. ముందురోజు రాత్రి బస తప్పదు. నడి జలాశయంలో గాలి లేస్తే అలలు చిన్న పడవలను తిప్పలు పెడతాయి. కొత్తవారు ఉన్న జట్లను అక్కడికి పంపడానికి నాకు మనసొప్పలేదు.

చివరికి మా అందరి మొగ్గు డాలస్‌కు ఉత్తరాన, డెంటన్ దాపున ఉన్న రే రాబర్ట్స్ వైపు తిరిగింది. 2021లో బాస్ వేటలో పేరొందిన వార్షిక పోటీ బాస్‌మాస్టర్ క్లాసిక్ జరిగింది ఈ నీటిలోనే. అప్పట్లో పోటీదారులు చేపలను రోడ్డు మార్గాన ఫోర్ట్‌వర్త్ దాకా తీసుకుపోయి తూకం వేయించారు. అంత హంగు మనకు అక్కరలేదు. ఐల్ డు బోయ్ స్టేట్ పార్కులో ర్యాంపూ, విడిది స్థలాలూ ఒకే ఆవరణలో ఉన్నాయి. కుటుంబాలతో వచ్చేవారికి కాలిబాటలు, ఈత ఒడ్డు కూడా ఉన్నాయి. వేసవి శనివారాల్లో మాత్రం విహారపు పడవల రద్దీ భరించడం కష్టం. పడవల్లోని నీటితో ఇతర జలాశయాలకు పాకే హానికరమైన జీబ్రా ఆల్చిప్పలు ఈ జలాశయంలో స్థిరపడ్డాయి కాబట్టి, వెళ్లేముందు ప్రతి పడవలోని నీటినీ పూర్తిగా తీసివేయాలన్న చట్టాన్ని జట్లకు ముందే గట్టిగా చెప్పాలి.

వేసవిని వద్దనుకోవడానికి రద్దీకి మించిన కారణం చేపలే. నీరు వేడెక్కిన కొద్దీ అందులో నిలిచే ప్రాణవాయువు తగ్గుతుంది, అదే సమయంలో చేపకు కావలసినది పెరుగుతుంది. ఎనభై డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన నీటిలో గంటలకొద్దీ లైవ్‌వెల్‌లో ఉన్న బాస్, తూకం నాటికి ఈదుతున్నట్టే కనిపించినా తరువాత చనిపోవచ్చు. అందుకే అక్టోబరు చివరి వారం అనుకున్నాం. తూకం దగ్గర వరుస పెరగకుండా జట్లను రెండు విడతలుగా పంపి, అర గంట తేడాతో తిరిగి రమ్మనడం, సంచీలో చేప రెండు నిమిషాలకు మించి ఉండకుండా పక్కనే గాలి పంపు పెట్టిన తొట్టె ఉంచడం, చచ్చిన ప్రతి చేపకూ పావు పౌండు కోత, ఆలస్యానికి నిమిషానికి పౌండు కోత అన్నవి మేము రాసుకున్న నియమాలు. ఇంజను నడుపుతున్నప్పుడు నడిపేవారు పడిపోతే ఇంజనును ఆపేసే కిల్ స్విచ్ తాడు తగిలించుకోవడం 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్ చట్టమే కనుక దానిలో మినహాయింపు ఉండదు. 2022లో ఒహాయోలో ఒక పోటీలో, బరువు పెంచడానికి దాచిన సీసపు గుళ్లు వాలై అనే చేపల పొట్టలో దొరికిన తరువాత, మిత్రుల పోటీయే కదా అని తనిఖీ మానుకోవడం సబబు కాదు. టెక్సస్‌లో పోటీ మోసం నేరం. బహుమతి పదివేల డాలర్లు, అంతకు మించితే శిక్ష మరింత తీవ్రం.

తూకం అయిన చేపలను ర్యాంప్ పక్కనే కుమ్మరించకుండా, వాటిని లోతు నీటికి తీసుకుపోయి వదలడానికి ఒక పడవను పోటీలో చేర్చకుండా ఖాళీగా ఉంచాలి. పార్కులో విడిది స్థలాలు అయిదు నెలల ముందు నుంచి దొరుకుతాయి, శరత్కాలపు వారాంతాలు త్వరగా నిండిపోతాయి. పోటీకి అనుమతి కోసం పార్కు కార్యాలయంతో మాట్లాడటం మాత్రం అంతకంటే ముందే మొదలుపెట్టాలి, ఎందుకంటే వారు ఒప్పుకున్న తేదీని బట్టే మిగతావన్నీ కుదురుతాయి.