బొమ్మ పెడితే పద్యం వినిపించే పెట్టె: ఎస్పీ రోడ్డు ఆర్‌సీ522 కిట్ ఎంతవరకు పనికొస్తుంది?

ముందే చెప్పేస్తే, ఆర్‌సీ522 అనే రీడర్ బోర్డు (చిప్పున్న కార్డుల్ని, స్టిక్కర్లని తాకకుండానే రేడియో తరంగాలతో చదివే ఆర్‌ఎఫ్‌ఐడీ పరికరం) పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. దాంతోపాటు ఇచ్చే తెల్ల కార్డు, నీలం కీచైన్ మాత్రం ఈ పనికి దండగ.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో సుమారు 150 రూపాయలకు దొరికే ఈ కిట్‌ను తలుపు తాళాలకీ హాజరు యంత్రాలకీ కొంటుంటారు. ఇక్కడ పరీక్షించింది ఒకే పనికి: చెక్క బొమ్మను పెట్టె మీద పెట్టగానే దాని కథో పద్యమో మొదలవ్వాలి, తీయగానే ఆగిపోవాలి. తెర అక్కర్లేదు. ఊహ పాతదే. 1992లో డ్యురెల్ బిషప్ రూపకల్పన చేసిన ఆన్సరింగ్ మెషిన్‌లో ఒక్కో సందేశానికి ఒక్కో గోళీ బయటికొచ్చేది; దాన్ని గుంటలో పెడితే సందేశం వినిపించేది. గోళీని నిజంగా గుర్తుపట్టే సరంజామా ఇప్పుడు చిక్‌పేట మెట్రో దిగి నడిచేంత దూరంలో దొరుకుతోంది.

కిట్‌తోపాటు ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రాం నడిపే చిన్న కంప్యూటర్), డీఎఫ్ ప్లేయర్ మినీ (మెమరీ కార్డులోని పాటలు వినిపించే బుల్లి బోర్డు), 3 వాట్ల స్పీకరు, 32 జీబీ మించని మెమరీ కార్డు, బొమ్మల అడుగున అంటించడానికి 25 మిల్లీమీటర్ల గుండ్రటి ఎన్‌ట్యాగ్213 స్టిక్కర్లు (లోపల చిప్పు, తీగ ఉంటాయి) కావాలి.

రీడర్ పిన్నుల పట్టీ విడిగా వస్తుంది. సోల్డర్ చేయకుండా రంధ్రాల్లో గుచ్చి వేలితో నొక్కిపట్టి చూస్తే చిప్పు వెర్షన్ నంబరు 00 అనో ఎఫ్‌ఎఫ్ అనో వస్తుంది. చిప్పు పోయిందనుకుని దుకాణానికి తిరిగి వెళ్ళేముందు ఆ ఎనిమిది పిన్నులూ సోల్డర్ చేయండి. రీడర్ నుంచి ఈఎస్‌పీ32 పిన్నులకు కనెక్షన్లు: ఎస్‌డీఏ 5కి, క్లాకు 18కి, మిసో 19కి, మోసి 23కి, రీసెట్ 22కి. ఐఆర్‌క్యూ వదిలేయొచ్చు. కరెంటు 3.3 వోల్టులే, 5 వోల్టులిస్తే చిప్పు కాలిపోవచ్చు. రీడర్‌తో మాట్లాడే రెడీమేడ్ కోడు, అంటే ఎంఎఫ్‌ఆర్‌సీ522 లైబ్రరీలో వెర్షన్ చూపే ఉదాహరణ నడిపితే హెక్స్‌లో 91 లేదా 92 రావాలి. 88 వస్తే నకలు చిప్పు. కంగారు పడక్కర్లేదు, దూరం కాస్త తగ్గినా ఈ పెట్టెకు సరిపోతుంది.

అసలు తంటా అంతా బొమ్మ అడుగునే ఉంది. స్టిక్కరుకీ రీడరుకీ మధ్య 2 సెంటీమీటర్లు దాటితే నమ్మకం పెట్టుకోవద్దు. పెట్టె మూత 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే హాయి. బొమ్మ అడుగు కనీసం 3 సెంటీమీటర్ల వెడల్పుండాలి, లేకపోతే స్టిక్కరు అంచు మడతపడి లోపలి తీగ తెగుతుంది. స్టిక్కరు సరిగ్గా బోర్డు కాయిల్ (యాంటెన్నాగా పనిచేసే తీగచుట్టు) గీతల మీదికొస్తే ఒక్కోసారి అసలు చదవదు. అయస్కాంత రేఖలు అక్కడ స్టిక్కరును చీల్చుకుని పోకుండా దాని వెంబడే పడుకుంటాయి. అందుకే మూత మీద, కాయిల్ నడిమికి సరిగ్గా పైన, బొమ్మ కూర్చునే లోతులేని గుంట ఒకటి చెక్కించండి. ఒకేసారి రెండు బొమ్మలు పెట్టే గొడవ కూడా దాంతోనే తీరుతుంది.

చన్నపట్న బొమ్మలు, ఏటికొప్పాక బొమ్మలు రెండూ భేషుగ్గా పనిచేస్తాయి. కన్నడవాళ్ళ ఆలె మర, మన అంకుడు కర్ర ఒకటే చెట్టు. లక్క పూత తరంగాలకు అడ్డురాదు. ఇత్తడి నంది మాత్రం వద్దు. లోహం క్షేత్రాన్ని మింగేస్తుంది. పెట్టెను స్టీలు బల్ల మీద పెట్టినా అదే గతి, కింద రెండంగుళాల చెక్క దిమ్మ వేయాలి.

ఇక ప్రోగ్రాం. స్టిక్కరులో పాట పేరు రాయొద్దు, దాని గుర్తింపు సంఖ్య చదివి పట్టికలో వెతికితే చాలు. ఎన్‌ట్యాగ్ సంఖ్య 7 బైట్లు. కిట్ కార్డుల 4 బైట్లకు రాసిన పాత కోడు మొదటి నాలుగే పోల్చి రెండు బొమ్మల్ని ఒకటే అనుకునే ప్రమాదముంది. బొమ్మ తీశారని తెలుసుకోవడం ఇంకో చిక్కు. కదలకుండా కూర్చున్న బొమ్మను కూడా లైబ్రరీ ‘ఉంది, లేదు, ఉంది’ అని మార్చి మార్చి చెబుతుంది, పాట నత్తినత్తిగా వస్తుంది. చదివాక స్టిక్కరును ‘హాల్ట్’ చేసి (నిద్రపుచ్చి), 200 మిల్లీసెకన్లకోసారి ‘వేకప్’ ఆదేశంతో లేపి చూడాలి. వరసగా మూడుసార్లు పలక్కపోతేనే తీసినట్టు లెక్క.

డీఎఫ్ ప్లేయర్ తనదైన పేచీలు పెడుతుంది. ఎంపీ3 అనే ఫోల్డరులో 0001, 0002 అని పేర్లు పెట్టి, ఆ ఫోల్డరు ఆదేశంతోనే పిలవండి. మామూలు ప్లే ఆదేశం కార్డులోకి కాపీ చేసిన వరసను చూస్తుంది, పేరును కాదు; కాకి బొమ్మకు నక్క కథ వచ్చేది అందుకే. ప్లేయరుకు ఆదేశాలు అందే ఆర్‌ఎక్స్ తీగలో 1 కిలోఓమ్ రెసిస్టర్ వేస్తే గురగుర తగ్గుతుంది. గొంతు పెరిగినప్పుడు ఈఎస్‌పీ32 రీస్టార్ట్ అవుతుంటే 5 వోల్టుల తీగకీ గ్రౌండు తీగకీ మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ఊళ్ళోంచి అమ్మమ్మ వాట్సాప్‌లో చెప్పి పంపిన వేమన పద్యం ఓపస్ ఫైలుగా వస్తుంది, అది ఈ ప్లేయరులో పాడదు. ముందు ఎంపీ3గా మార్చుకోవాలి.

కొనేటప్పుడు ‘ఆర్‌ఎఫ్‌ఐడీ స్టిక్కర్’ అని ఊరికే అడిగితే 125 కిలోహెర్ట్జ్‌వి చేతిలో పెట్టే వీలుంది. పైకి తేడా తెలీదు, ఈ రీడరేమో 13.56 మెగాహెర్ట్జ్‌ది. ఎన్‌ఎఫ్‌సీ ఉన్న ఫోను తీసుకెళ్ళి కౌంటరు దగ్గరే ఒక్కోటీ తాకించి చూడండి. ఫోను కిక్కురుమనకపోతే వెనక్కిచ్చేయండి. ఆదివారం నమ్ముకుని వెళ్ళొద్దు, చాలా షట్టర్లు దించే ఉంటాయి.